ఇద్దత్ అయ్యాక రా నాయనా

తప్పులుంటే క్షమించండి. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు పట్టుకున్నదాన్ని. ఒత్తులు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను. రాయడం కూడా నిదానం, వానాకాలమంతా దీనికే పట్టింది. ఎస్సై అఖిల గారు మా మాటలు స్టేట్‌మెంటుగా రాసుకున్నారు కానీ, అందులో “సదరు మహిళ తెలిపినది ఏమనగా” అని ఉంది తప్ప మేం మాట్లాడుకున్నట్టు లేదు. అందుకని ఆ మధ్యాహ్నం మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టే రాస్తున్నాను.

అద్దంకి దగ్గర మా ఊరు. వాకిట్లో ఆడవాళ్ళు మిరపకాయల్లో తాలు ఏరుతున్నారు. వసారాలో నేనూ, మంచినీళ్ళు అడిగి వచ్చి కూర్చున్న ఒకామే. ఆమె ఎవరో అప్పటికి నాకు తెలియదు.

“ఇక్కడికి ఎవరూ రాలేదమ్మా.”

“నేనింకా ఎవరని అడగలేదు కదక్కా.”

“ఎవరైనా సరే, రాలేదు. నీళ్ళు అడిగావు, తాగావు. పొద్దు వాలకముందే బయల్దేరు.”

“ఫోటో అయినా చూడవా?”

“నా కళ్ళు ఆనవు.”

“ఇందాక ఆ బస్తా మీద చీటీ చదివావుగా. తేజ కాయలు అని పైకే చదివావు.”

“అది పెద్దక్షరాలు.”

“ఇదీ పెద్ద ఫోటోనే. చూడు. మా వాడు, అంకమ్మరావు. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఫోటో తీసేవాడు నవ్వొద్దన్నాడంట, అందుకని ఇందులో కనపడదు.”

“అసలు నువ్వెవరు?”

“పున్నమ్మనక్కా. మాది వేటపాలెం. జీడిపప్పు ఫ్యాక్టరీలో చేసేదాన్ని. చేతులు చూడు, ఈ నలుపు జీడి సొన. ఎంత కడిగినా పోదు. ఇప్పుడు పనిలో లేను.”

“మానేశావా?”

“మాన్పించారు. దొంగ తల్లివి, పప్పు దగ్గర కూర్చోబెట్టలేం అన్నారు.”

“మౌలాబీ పెద్దమ్మా! ఈ తెల్ల కాయలు ఎక్కడ పొయ్యమంటావు?”

“గోడ పక్క పట్టా మీద పొయ్యవే మాధురీ. ఎర్ర కాయల్లో కలపబాకు.”

“కలిపితే ఏంటంట? కూలి కూడా తాలు కాయల్లోనే కొలుస్తావా?”

“నీ నాలిక్కంటే ఘాటు కాయ ఈ వాకిట్లో లేదు గానీ, పని చూడు. ఇరవై మంది నవ్వుతున్నారు నిన్ను చూసి.”

“నిన్ను చూసే నవ్వేది!”

“సరదాగా ఉంటారక్కా మీ వాళ్ళు.”

“సీజను కదా. నువ్వు ఏదో చెబుతున్నావు.”

“మా వాడు మంగళగిరిలో ఆఫీసులో చేరాడు. ఆఫీసంటే ఒక గది, నాలుగు ఫోన్లు. ఫోనులో డాలర్లు కొంటారంట, అమ్ముతారంట. చేతికి తగలని డాలర్లు. చేతికి తగలందానికి ఎవడ్రా డబ్బులిచ్చేది అన్నాను. దాచుకోవాల్సినవాళ్ళందరూ ఇస్తారే అమ్మా అన్నాడు. ఫోనులో డాలర్లు అటు పోతే, ఇటు నోట్ల కట్టలు రావాలి. బ్యాంకులో కాదు, చేతికే రావాలి. ఆ కట్టలు వెళ్ళి తెచ్చే పని మా వాడిది.”

“ఇదంతా నాకెందుకమ్మా?”

“మీ ఆయన హయాత్ గారు కట్టలు దాచిపెట్టే మనిషంట కదా.”

“ఎవరు చెప్పారు?”

“అందరూ.”

“అందరూ అంటే?”

“అందరే అక్కా.”

“మా ఆయన మిరపకాయల దళారీ. అంతకు మించి ఏమీ కాదు. బిల్లు లేకుండా కాయలు అమ్ముకునేవాళ్ళు డబ్బు ఈయన దగ్గర పెట్టేవాళ్ళు. నమ్మకం మీద. బ్యాంకు కంటే హయాత్ నయం, సంతకం కూడా అడగడు అనేవాళ్ళు.”

“ఆ నమ్మకం మీదే ఈ ఫోన్లవాళ్ళు కూడా పెట్టారు.”

“పెట్టారేమో. ఆయనతోనే పోయింది అదంతా. గుండె ఆగి పోయాడు, మిర్చి యార్డు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ.”

“రెండు పంటల కిందట.”

“నీకెలా తెలుసు?”

“మా వాడు కనపడక కూడా రెండు పంటలే.”

“పోలీసుల దగ్గరికి వెళ్ళలేదా?”

“వెళ్ళకుండా ఉంటానా? స్టేషను మెట్లు అరిగాయి నా వల్ల. చివరికి ఒక చిన్నపిల్ల దగ్గరికి పంపించారు. ఎస్సై. అఖిల అని.”

“మంచమ్మాయే. తొందరపెట్టదు. ఇక్కడ కూడా, అదే, ఆ మంచం మీదే కూర్చుంది.”

“ఇక్కడికి ఎవరూ రాలేదన్నావు?”

“…పోలీసులను లెక్కేసుకోలేదు.”

“పోనీలే. ఆ అమ్మాయి కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది. ఇదిగో పున్నమ్మ గారూ, మీ అబ్బాయి వెళ్ళిన రోజు ఆ డాలర్లు ఇక్కణ్ణుంచి బయల్దేరి ఇక్కడ దిగాయి, నిమిషంతో సహా ఉంది, ప్రపంచంలో ఎవరైనా చూసుకోవచ్చు అంది. పంపింది ఎవరమ్మా అన్నాను. అది తెలియదంది. తీసుకుంది ఎవరన్నాను. అదీ తెలియదంది. పేరుండాల్సిన చోట అంకెలూ అక్షరాలూ కలిపి పొడుగ్గా ఉంది. ఆ మనిషి ఏ దేశంలో ఉన్నాడో కూడా చెప్పలేరంట. ఆ డాలర్లు నడిపే కంపెనీకి రాస్తే జవాబు రావడానికి నెలలు పడుతుందంట, వస్తే.”

“కట్టల సంగతి?”

“కట్టలు అసలు లేనే లేవంట.”

“లేకపోవడమేంటి?”

“డాలర్లు కనపడతాయి గానీ మనిషి కనపడడు. ఇటు మనుషులు కనపడతారు గానీ డబ్బు కనపడదు. ఆ కట్టలు నావి, పోయాయని ఎవరూ కంప్లైంటు ఇవ్వలేదక్కా. ఇస్తే అది ఎక్కడిదో చెప్పాలి కదా. ఎవరిదో సైబర్ మోసం డబ్బంట. ఎవరో పెద్దాయన్ని ఫోనులోనే బెదిరించి లాక్కున్నదంట. కంప్లైంటు లేదు కాబట్టి డబ్బు పోలేదు. డబ్బు పోలేదు కాబట్టి, డబ్బు కోసం మా వాణ్ణి ఎవరో ఏదో చేశారని రాయడానికి లేదు. కాయితం మీద నిలబడదమ్మా అంది. అని, తనే కళ్ళు తుడుచుకుంది. ‘కనపడుటలేదు’ అని మాత్రం రాసింది.”

“ఊళ్ళో ఏమంటారు?”

“ఊళ్ళో మాత్రం డబ్బు పోయింది. వాడే ఎత్తుకెళ్ళాడు. స్టేషనులో లేని డబ్బు మా వీధిలో ఉంది చూడు. బెంగుళూరులో ఇల్లు కొన్నాడంట. దుబాయిలో చూశారంట. వాడికి పాస్‌పోర్టు కూడా లేదక్కా. నా కొడుకు ఆ డబ్బు ముట్టుకోలేదని ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి చెబితే చాలు. ఆ మాట కోసం తిరుగుతున్నాను.”

“చెప్పేవాళ్ళు దొరకాలిగా.”

“కట్టల కోసం వెళ్ళిన రోజు సాయంత్రం వాడు ఫోను చేశాడు. అమ్మా, పని కాలేదే, వెళ్ళిన ఇంట్లో మనిషి పోయాడు అన్నాడు. పరదా వెనక నుంచి ఒకావిడ ‘ఇద్దత్ అయ్యాక రా నాయనా’ అందంట. ఇద్దత్ అంటే ఏంటే అని నన్నడిగాడు. నాకేం తెలుసు? పక్కింటి షాజాదీని అడిగి చెబుతాలే, అన్నం తిన్నావా అన్నాను. వాళ్ళింట్లోనే పెట్టారే అన్నాడు. తెల్లారి షాజాదీని అడిగాను. చెబుదామని ఫోను చేస్తే ఎత్తలేదు. ఇక ఎత్తలేదు.”

“ఇద్దత్ అంటే…”

“తెలుసుకున్నాగా. మొగుడు పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాడికి కనపడకూడదు. గడప దాటకూడదు. అంతేనా?”

“అంతే.”

“ఆ పరదా ఏ ఇంట్లోది అక్కా?”

“ఈ చుట్టుపక్కల మా వాళ్ళ ఇళ్ళు చాలా ఉన్నాయి.”

“అన్ని ఇళ్ళలోనూ అప్పుడే మగవాళ్ళు పోయారా?”

“కాయలు అడుగు పడుతున్నాయేమో, ఒకసారి తిరగెయ్యాలి. చూసొస్తా.”

“చూసిరా. నేనెక్కడికీ పోను.”

“…”

“వచ్చావా? తొందరగానే తిరగేశావే.”

“నువ్వు ఇంకా కూర్చునే ఉన్నావు.”

“ఒక్కటి అడుగుతాను. అది చెప్పు చాలు, ఇంక ఏదీ అడగను. ఆ ఇంట్లో అన్నం పెట్టారన్నాడు కదా. ఏం పెట్టారు?”

“దేనికి?”

“ఊరికే. తెలుసుకుందామని. చెప్పకూడనిది కాదుగా అక్కా, తిండి.”

“దోసకాయ పప్పు. చావింట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటి జోహరాబీ వండి పంపించింది. పప్పూ, చింతకాయ పచ్చడీ.”

“దోసకాయ వాడు తినడే.”

“తిన్నాడు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. మజ్జిగ ఉందా పెద్దమ్మా అన్నాడు. పరదా కింద నుంచి గ్లాసు తోశాను.”

“పెద్దమ్మా అన్నాడా?”

“మీకు కష్టం వచ్చిన రోజున వచ్చాను, ఏమీ అనుకోవద్దు అన్నాడు. కంచం కడిగి బోర్లించి వెళ్ళాడు.”

“మా వాడా? ఇంట్లో ఒక్కనాడు కంచం తీసి ఎరగడు.”

“కడిగాడు. కుళాయి చప్పుడు విన్నాను నేను. ఇప్పటికీ వింటాను. ఈ వేళప్పుడే. ఎవరో కంచం కడుగుతున్నట్టు. లేచి వెళ్ళి చూస్తే అక్కడ నేల పొడిగా ఉంటుంది. కాసేపు ఏడవమ్మా. ఏడువు. ఎవరూ రారులే ఇటు.”

“ఏడుపు రావట్లేదక్కా. చెప్పు. ఇంకా చెప్పు.”

“ఏం చెప్పను?”

“నోటు చూపించాడా?”

“నోటు సంగతి నీకు తెలుసా?”

“పది రూపాయల నోటు. దాని నంబరు ముందే ఫోనులో వస్తుంది, డబ్బు దాచిన మనిషికి. ఆ నోటు పట్టుకెళ్ళి ఇస్తే, నంబరు కలుపుకుని, నోటు ఉంచుకుని, కట్టలు ఇచ్చేస్తారు. పేరు అడగరు, ఊరు అడగరు. మా వాడు పండగకు వచ్చినప్పుడు గొప్పగా చెప్పేవాడు. చూశావా అమ్మా, పది రూపాయల నోటుకు ఎంత పరపతో అని.”

“పరదా పక్క నుంచి చెయ్యి లోపలికి చాపాడు, నోటుతో. చెయ్యే చూశాను నేను. మణికట్టుకు పసుపు తాడుంది.”

“అంకమ్మ తల్లిది. నేనే కట్టాను. మరి ఎందుకివ్వలేదక్కా?”

“నాకు అప్పటికి అంకె తెలియదు పున్నమ్మా. ఆయన ఫోనులో ఏ నంబరుందో, నోటు మీద ఏ నంబరుందో ఎలా పోల్చుకోను? ఎవరినన్నా పిలిచి చదవమంటే ఊరంతా తెలుస్తుంది. ఇంటి నిండా బంధువులు. బయటికి రావడానికి లేదు, మగవాడితో కూర్చుని మాట్లాడటానికి లేదు. పొరపాటు మనిషికి ఇచ్చానంటే మా ఆయన మాట పోతుంది. పోయి ఒక్క రోజే అయింది ఆయన. అందుకని…”

“అందుకని రమ్మన్నావు.”

“ఇద్దత్ అయ్యాక రమ్మన్నాను. ఈలోగా నేర్చుకోవచ్చనుకున్నాను.”

“నేర్చుకున్నావా?”

“మా చెల్లెలి కూతురు సిద్దికా నేర్పించింది. ముందు అంకెలు, తర్వాత నోటు మీదుండే ఇంగ్లీషు అక్షరాలు, ఆ తర్వాతే తెలుగు. ఈ వయసులో దీనికి చదువు పిచ్చి పట్టిందేంటని నవ్వుకున్నారు. ఇద్దత్ అయిన రోజున కోడికూర వండాను. దోసకాయ పప్పుతో పంపానే అని మనసులో ఉండిపోయింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రాలేదు. మర్నాడు రాలేదు. కూర కుక్కకు పెట్టాను. ఆ తర్వాత గేటు కిర్రుమన్నప్పుడల్లా లేస్తూనే ఉన్నాను.”

“మధ్యలో ఇంకెవరూ రాలేదా?”

“వచ్చారు. నీ కొడుకు వచ్చి వెళ్ళిన రెండో రోజు. ఇద్దరు. పరదా అవతలే నిలబడ్డారు. సెంటు వాసన వచ్చింది. మా వాడొచ్చాడా, డబ్బు ఇచ్చేశావా అన్నారు.”

“నువ్వేమన్నావు?”

“నోటు తెచ్చారా అన్నాను.”

“వాళ్ళు?”

“నవ్వారు. నోటు లేకపోతే నాకేమీ తెలియదు బాబూ, ఏ డబ్బో, ఎవరొచ్చారో, నాకేమీ తెలియదు అన్నాను. ఆయన చెప్పి పెట్టిన మాట అది. నోటు తెచ్చినవాడితో తప్ప డబ్బు మాటే ఎత్తకూడదు, కలెక్టరు వచ్చినా, కన్నతల్లి వచ్చినా.”

“ఇచ్చానని చెప్పలేదు.”

“చెప్పలేదు.”

“ఇవ్వలేదనీ చెప్పలేదు.”

“…చెప్పలేదు.”

“ఆ ఒక్క మాట అక్కా. ‘ఇవ్వలేదు’ అనే ఒక్క మాట.”

“వాడికి ఏమైంది పున్నమ్మా?”

“తప్పిపోయాడు.”

“నా వైపు చూసి చెప్పు.”

“తప్పిపోయాడన్నానుగా. వాళ్ళ ఆఫీసులో కుర్రాళ్ళు అందరూ నవ్వారంట. పరదా అంటాడేంట్రా, ముసలావిడ అన్నం పెట్టిందంటాడేంట్రా, కథ బాగా అల్లాడు అని. అదంతా వాళ్ళే చెప్పారు నాకు. ఉందా అక్కా?”

“ఏది?”

“ఆ డబ్బు. ఇంకా ఉందా?”

“మౌలాబీ పెద్దమ్మా! టీ పెడతానన్నావు, పొద్దు గూకాక పెడతావా?”

“పెడతానే! జోహరాబీని పొయ్యి వెలిగించమను. ఉంది.”

“ఏమన్నావు?”

“ఉంది అన్నాను. నీకే. లోపలి గదిలో, కాయల టిక్కీ బస్తాలో. పైన జానెడు మందం తేజ కాయలు పోసి కుట్టేశాను. ఆ కాయలు రెండేళ్ళకు నల్లబడి పుచ్చిపోయాయి. ఆ ఘాటుకు ఎవరూ చెయ్యి పెట్టరు. అఖిల గారు కూడా ఆ గుమ్మంలో నిలబడి తుమ్మి తుమ్మి వెళ్ళిపోయింది.”

“ఒక్క నోటు కూడా తియ్యలేదా?”

“కప్పు కారుతుంటే గిన్నెలు పెట్టుకున్నాను గానీ అందులో చెయ్యి పెట్టలేదు. అది అమానత్. ఒకరు నమ్మి దాచమన్నది. ఇచ్చేదాకా నాకు చావడానికి కూడా లేదు. ఆ గదిలో నిద్ర పట్టదు, ఆ గది వదిలి ఊరెళ్ళలేను. మా చెల్లెలు పోతే చివరి చూపుకు కూడా తాళం వేసుకుని వెళ్ళి, సమాధిలోకి దించకముందే తిరిగొచ్చాను. ఎవరిదో ఏడుపు డబ్బని ఇవాళ నువ్వు చెబితే తెలిసింది. మిరపకాయల డబ్బనే కాపలా కాశాను.”

“ఎంత కష్టం అక్కా.”

“తీసుకుపో. నీ కొడుకుకు ఇవ్వాల్సింది. నువ్వు తల్లివి.”

“నేను తీసుకుంటే వాడు దొంగే అవుతాడు కదక్కా.”

“…అవును. నాకు తట్టలేదు.”

“తట్టకేం. నీకూ బరువు దిగాలి కదా.”

“అయితే ఇంకో పని చేద్దాం. అఖిల గారి నంబరుంది నా దగ్గర. పిలుద్దాం. కుట్టు విప్పి ఆమె కళ్ళ ముందు పెడదాం. ఎలా కట్టినవి అలాగే ఉన్నాయని రాస్తుంది. అంకమ్మరావు వచ్చాడు, ఖాళీ చేతులతో వెళ్ళాడు అని నేను చెబుతాను, వేలిముద్ర కాదు, సంతకం పెట్టి చెబుతాను. లేదన్న డబ్బు కళ్ళ ముందుంటే కాయితం మీద ఎందుకు నిలబడదు?”

“నిన్ను పట్టుకుపోతారు.”

“పట్టుకుపోనీ. అక్కడా ఒక ముద్ద పెడతారు. నిద్ర అయినా పడుతుంది. ఉండు, ఫోను తెస్తా.”

“వద్దక్కా.”

“ఎందుకు వద్దు?”

“కూర్చో. ఫోను తియ్యకు.”

“నీ కొడుకు పేరు కడిగేద్దామంటుంటే…”

“పేరు తర్వాత.”

“పేరు కోసమేగా రెండేళ్ళుగా తిరుగుతున్నావు?”

“తిరిగాను. నిన్నటిదాకా.”

“నిన్న ఏమైంది?”

“అక్కా, పోలీసులొస్తే ఆ డబ్బు ఏమవుతుంది?”

“కోర్టుకు పోతుంది. పోగొట్టుకున్నవాళ్ళకు ఇస్తారేమో.”

“ఎన్నాళ్ళకు? అది కాదులే. పోలీసులు వచ్చారని తెలిస్తే వాళ్ళు ఫోన్లన్నీ పారేసి పోతారు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో గది, ఇంకో నాలుగు ఫోన్లు. మళ్ళీ దొరకరు. దొరకాలి కదా నాకు.”

“వాళ్ళు నీకెందుకు దొరకడం? కొంగు కింద ఏంటది? వచ్చినప్పటి నుంచి చెయ్యి తియ్యట్లేదు పున్నమ్మా.”

“ఫోను.”

“ఎవరిది?”

“వాళ్ళిచ్చారు. ఆన్‌లోనే ఉంది. నేను గేటు తీసినప్పటి నుంచీ.”

“వింటున్నారా?”

“అంతా. ఊరి బయట కారులో ఉన్నారు. నిన్న మా ఇంటికొచ్చారు. రెండేళ్ళు వెతికినా కట్టలు ఎక్కడా తేలలేదు, ముసలిదాని దగ్గరే ఉన్నట్టున్నాయి, అది మాకు చెప్పదు, నువ్వు తల్లివి, నీకు చెబుతుంది అన్నారు. డబ్బు ఎక్కడుందో దాని నోటితో చెప్పించు, వాణ్ణి ఎక్కడ పెట్టామో చూపిస్తాం అన్నారు.”

“పెట్టామంటే?”

“పాతిపెట్టారక్కా.”

“యా అల్లా.”

“తిట్టు. కొట్టు. నీ అన్నం తిన్నవాడి తల్లినై నీ ఇంట్లో ఈ పని చేశాను. నాకు పేరు వద్దు, కేసు వద్దు, ఏ కాయితమూ వద్దు. వాడు ఎక్కడున్నాడో ఒక్కసారి చూస్తే చాలు. ఏ చేలోనో, ఏ కాలవ కట్ట కిందో, పైన ఎవరు తొక్కుతున్నారో. నాకు అన్నం దిగదక్కా.”

“ఉండు. నన్ను అడగనీ. నోటు వాళ్ళకు దొరికిందా?”

“ఏ నోటు?”

“పది రూపాయల నోటు. వాడి దగ్గర.”

“లేదంట. చొక్కా జేబులు, పర్సు అన్నీ చూశారంట. నోటు లేదంటే నీకిచ్చేశాడు, ఇచ్చాడంటే డబ్బు తీసుకున్నట్టే అనుకున్నారంట. అందుకే కదా…”

“నాకివ్వలేదు. నేను రమ్మన్న రోజున మళ్ళీ తెస్తానని వెనక్కి తీసుకున్నాడు.”

“అయితే లోపలి జేబులో పెట్టుకుని ఉంటాడు. ప్యాంటు నడుము పట్టీలోకి నేనే కుట్టాను. బస్సుల్లో జాగ్రత్త అని. పైకి కనపడదు.”

“ఆ ఫోను ఇలా తే.”

“అక్కా, కోపంగా మాట్లాడబాకు. వెళ్ళిపోతారు. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“లే. కాళ్ళు వదులు. కోపంగా మాట్లాడనులే, ఇలా తే. బాబూ, వింటున్నారు కదా? నేను హయాత్ భార్యను. నా ఇద్దత్ అయిపోయింది, ఇప్పుడు పరదా లేదు. వాకిట్లో ఇరవై మంది ఆడవాళ్ళు కారం చేతులతో కూర్చున్నారు, వాళ్ళను దాటుకుని లోపలికి రావాలని చూడబాకండి. డబ్బు ఉంది. ఇస్తాను. మీ పద్ధతిలోనే ఇస్తాను, నోటు తెచ్చినవాడికి. అది ఇప్పటికీ అంకమ్మరావు నడుము దగ్గరే ఉంది. వాడు నా దగ్గర డబ్బు తీసుకుని ఉంటే ఆ నోటు నా ఇంట్లో ఉండేది కదా, బాబూ? వెళ్ళండి. వాణ్ణి తీసుకురండి.”

మౌలాబీ, అరవై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉండేది వేటపాలెంలో, పున్నమ్మ ఇంట్లో.